నూగు చెదరని ఫైరింజను

నందిరేవు ఫైర్ స్టేషన్ అధికారి కొమ్మినేని పూర్ణయ్య కొత్త హోసు పైపుల కోసం పైకి రాసి రాసి, విసిగిపోయి, ఇక రాయడం మానేశాక హెడ్డాఫీసు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. పైపులే వచ్చాయనుకుని సిబ్బందంతా షెడ్డులోకి పరుగెత్తుకొచ్చారు. ఉన్న పైపులకు ఎన్ని చిల్లులంటే, డ్రిల్లు చేసిన రోజున ఫైర్‌మన్‌లు తడిసినంతగా ఇంకేదీ తడిసేది కాదు. పూర్ణయ్య స్వయంగా బ్లేడు తీసుకుని పెట్టె కోశాడు. లోపల దూది, దూదిలో పల్చటి కాగితం, కాగితంలో నల్లగా, మెత్తగా, పిల్లికూన వీపులా ఒక చట్రం ఉంది.

“ఏందయ్యా ఇది?” అన్నాడు పూర్ణయ్య.

డ్రైవరు మస్తాన్‌వలి దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మధ్యలో బొక్క ఉంది సార్. టోపీ అయితే కాదు.”

సంగతి వెంట వచ్చిన ఉత్తర్వులో ఉంది. అగ్నిశాంతి శాఖ డైరెక్టరు సుధన్వ గారి సొంత కారులో, గేరు రాడ్డు చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రానికి వారి అల్లుడు స్వేడ్ చుట్టించాడు. తోలును లోపలివైపు గీకి మఖమలులా నూగు తేలేటట్టు చేస్తారే, అది. ఒక సాయంత్రం ట్రాఫిక్‌లో ముందున్న ఆటోవాణ్ణి తిట్టబోతూ డైరెక్టరు గారు అనుకోకుండా ఆ నూగు మీద చెయ్యి వేశారు. తిట్టు నోట్లోనే కరిగిపోయింది. అక్కడే, ఆ హారన్‌ల మోతలోనే, ఆయనకు తట్టింది. నిప్పంటే కోపం. కోపాన్ని చల్లార్చే శాఖ చేతులు ముందు చల్లబడాలి. అలా ‘ప్రశాంత హస్తం’ పథకం పుట్టింది. శాఖలోని ప్రతి ఫైరింజనుకూ ‘గేరు పరిసర మృదుచర్మ ఆచ్ఛాదన’ తక్షణమే అమర్చవలెనని ఉత్తర్వు.

పూర్ణయ్య రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. డ్రైవరుగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి స్టేషన్ అధికారి అయ్యాడు. ఎవరి చేతా మాట పడకుండా బయటపడితే చాలు అనేది ఆయన ఏకైక కోరిక. పైనుంచి వచ్చిన కాగితాన్ని చదవక ముందే కళ్లకద్దుకోవడం ఆయనకు అలవాటు. దీన్నీ అద్దుకున్నాడు.

బిగించడానికి పట్నం నుంచి ప్రణీత్ అనే కుర్రవాడు వచ్చాడు. తనను మెకానిక్ అంటే ఒప్పుకోలేదు. తాను క్యాబిన్ స్టైలిస్టునన్నాడు. ముందు గేరు రాడ్డు మీది గుండును విప్పి గుడ్డలో చుట్టాడు. తరవాత రాడ్డు మొదట్లో చిరిగిపోయి వేలాడుతున్న రబ్బరు తొడుగును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని బయట పడేశాడు. ఆ బొక్కలోంచి ఇంజను వేడీ, డీజిలు కంపూ గుప్పున పైకి కొట్టాయి.

“ఆ రబ్బరుది కొత్తది వెయ్యవా బాబూ? వేడి పైకి తంతంది,” అన్నాడు పూర్ణయ్య.

“అది ఫంక్షనల్ పార్టండీ. మా కాంట్రాక్టు అందం వరకే.”

ప్రణీత్ అంచుల వెంట జిగురు రాసి, స్వేడ్ చుట్టిన చట్రాన్ని రాడ్డు మీదుగా దించి, నాలుగు మూలలా బొటనవేళ్లతో అదిమాడు. జుట్టు ఆరబెట్టే యంత్రం లాంటిది తెచ్చి వేడిగాలి పట్టాడు. గుండును తిరిగి బిగించి, చిట్టచివర చిన్న బ్రష్షుతో నూగునంతా ముందువైపుకు దువ్వాడు. తుప్పుపట్టిన ఆ క్యాబిన్‌లో, చినిగిన సీట్ల మధ్య, అది పాత చాప మీద కూర్చోబెట్టిన పెళ్లికూతురిలా మెరిసింది.

“నాలుగే జాగ్రత్తలు సార్,” అన్నాడు ప్రణీత్ చేతులు తుడుచుకుంటూ. “నీళ్లు తగలకూడదు. చెమట తగలకూడదు. పొగ పట్టకూడదు. ఎండ, మంట సెగ ఆమడ దూరంలో ఉండాలి.”

పూర్ణయ్య బండిని చేత్తో చూపించాడు. “ఇది ఫైరింజను బాబూ,” అన్నాడు.

“బయటికి ఫైరింజనే సార్. లోపల మాత్రం లాంజ్.”

ప్రారంభోత్సవానికి డివిజనల్ ఆఫీసరు హైమావతి మేడమ్ వచ్చారు. కొబ్బరికాయ షెడ్డు బయటే కొట్టించారు, నీళ్లు చిందుతాయని. రిబ్బను కత్తిరించి, క్యాబిన్‌లోకి ఎక్కి, అరచేతి వెనక భాగంతో నూగును ఒక్కసారి నిమిరి, కళ్లు మూసుకుని, మైకు అడిగి తీసుకున్నారు.

“ఇన్నాళ్లూ మనం మంటలకు ప్రతిస్పందించాం. ఇకమీదట మనం మనకు స్పందిస్తాం. ఇది కేవలం తోలు కాదు. ఇది శాఖాపరమైన మృదుత్వం,” అన్నారామె. అర్థం కాకపోయినా ఫైర్‌మన్‌లు చప్పట్లు కొట్టారు. ఎండలో నిలబడి ఉన్నారు, త్వరగా ముగిస్తే చాలు వాళ్లకు.

ఆ తరవాత తనిఖీలు మొదలయ్యాయి. నూగు అంతా ముందుకు వాలి ఉంటే ‘ఎ’ గ్రేడు, చెదిరితే ‘బి’, మరక పడితే మెమో. పక్క డివిజన్‌లో ఒక స్టేషన్ వాళ్లు పాపం వరసగా గడ్డివాములార్పి, పత్తి మిల్లు ఆర్పి, తడిసిన చేతులతో గేర్లు మార్చుకుంటూ తిరిగొచ్చారు. వాళ్ల స్వేడ్ అట్టకట్టి, గేదె తోకలా తయారైంది. ఆ స్టేషన్ అధికారికి ‘శాఖాపరమైన మృదుత్వం పట్ల తీవ్ర నిర్లక్ష్యం’ కింద ఇంక్రిమెంటు ఆపేశారు. నందిరేవులో ఆ సీజనులో అదృష్టవశాత్తూ ఏదీ తగలబడలేదు. బండి షెడ్డు దాటలేదు. నూగు వెంట్రుకవాసి కదల్లేదు. నందిరేవుకు ‘ఎ’ వచ్చింది.

జీవితంలో మొదటిసారి పూర్ణయ్య పేరు పై అధికారుల నోట మంచిగా వినపడింది. అది ఆయనకు కొంచెం తలకెక్కిందనే చెప్పాలి. డ్రిల్లులో నీళ్లు వాడతారు గనక డ్రిల్లు ఆపించాడు. దుమ్ము పడుతుందని షెడ్డు తలుపులు మూయించాడు. ‘ప్రజలకు విజ్ఞప్తి: నిప్పుతో జాగ్రత్త, మాకు ఫోన్ చేసేముందు మీ ప్రయత్నం మీరు చేయండి’ అని గోడ మీద రాయించాడు. పొద్దున్నే పూజలో కూచుని, ఈ ఊళ్లో ఎవరి పొయ్యీ సరిగ్గా అంటుకోకూడదని కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మస్తాన్‌వలి మరీ మారిపోయాడు. అంతకుముందు బీడీ నోట్లో పెట్టుకుని, స్టీరింగును మోచేత్తో తిప్పే మనిషి. ఇప్పుడు తెల్లటి చేతితొడుగులు వేసుకుని, ప్రణీత్ వదిలివెళ్లిన బ్రష్షును చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. శాఖ అతనికి ‘స్పర్శ సంరక్షకుడు’ అనే హోదా ఇచ్చింది. జీతం పెంచలేదు గానీ బ్యాడ్జీ ఇచ్చింది. సాయంత్రాలు పిల్లలు వచ్చి అద్దంలోంచి తొంగిచూస్తే, “చూడండి, కానీ ఊపిరి తగలనియ్యమాకండి,” అనేవాడు.

సీజను చివర్లో హెడ్డాఫీసు కబురు పంపింది. శాఖ మొత్తంలో ఉత్తమ స్పర్శ కేంద్రంగా నందిరేవును ఎంపిక చేసే ఆలోచన ఉంది, మర్నాడు డైరెక్టరు గారి బృందం వచ్చి చూస్తుంది. పూర్ణయ్య గోడలకు సున్నం వేయించాడు. మస్తాన్‌వలి క్యాబిన్ మెట్టు మీద కూచుని పొద్దుట్నించీ నూగు దువ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయో లేదో, ఊరి అవతల మిర్చి యార్డు వైపు నల్లటి పొగ లేచింది. పొగకంటే ముందు ఘాటు వచ్చింది. షెడ్డులో ఒకరి తరవాత ఒకరు దగ్గడం మొదలుపెట్టారు. మిరపకాయ కాలితే వచ్చే దగ్గు ఏమిటో ఆ ప్రాంతంలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

యార్డు నుంచి వెంకాయమ్మ అనే రైతు పరుగున వచ్చింది. పైటతో ముక్కు మూసుకుని ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. “ఏమయ్యా ఆఫీసరూ, మిర్చి టిక్కీలు బస్తాలకు బస్తాలే కాలిపోతన్నయ్యయ్యా! నా కాయంతా అక్కడే ఉంది. కాటా వేసి తూకం కూడా కాలేదు. ఇంకా తలుపులు మూసుకుని కూచున్నారేందయ్యా!”

“వస్తన్నామమ్మా, వస్తన్నాం,” అంటూనే పూర్ణయ్య చెయ్యి అలవాటు ప్రకారం బండి వైపు కాక ఫోను వైపు పోయింది.

“మేడమ్, మిర్చి యార్డు అంటుకుంది.”

“ధ్రువీకరించారా?” అన్నారు హైమావతి మేడమ్.

“పొగ ఇక్కడికే కనపడతంది మేడమ్.”

“గాలి ఎటు వీస్తోంది?”

“మా వైపే.”

“అయ్యో, షెడ్డు తలుపులు మూయించారా? నూగుకు పొగ పట్టేస్తుంది!”

“మూసే ఉన్నయ్ మేడమ్. బండి తియ్యాలి గదా, అందుకని...”

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. “చూడండి పూర్ణయ్యగారూ. వాహన చలనానికి అభ్యంతరం లేదు, అది నా పరిధిలోనిదే. తేమ మినహాయింపు మాత్రం హెడ్డాఫీసు పరిధి. ఇంతకీ నీళ్లు వాడే ఉద్దేశం ఉందా?”

“మంటలకు నీళ్లే గదా మేడమ్ కొట్టేది.”

“అది మీ అనుభవం. నేనడిగేది విధానం. సరే, బయల్దేరండి. ఆర్పడం ప్రారంభించే ముందు నా ఫోను కోసం ఆగండి. తడిసిన సిబ్బంది వాహనంలో తిరిగి ఎక్కరాదు. రేపు డైరెక్టరు గారు వస్తున్నారని మరిచిపోవద్దు.”

బండి బయల్దేరింది. మస్తాన్‌వలి చేతితొడుగులు సరిచేసుకుని, గేరు గుండును కొసవేళ్లతో పట్టుకుని, పాలగ్లాసు దించినట్టు మొదటి గేరులోకి దించాడు. బండి మూలుగుతూ గేటు దాటి రోడ్డెక్కింది. మలుపు తిరిగింది. సైరను ఊరంతా అదిరేటట్టు మోగుతోంది. బండి మాత్రం ఊరేగింపు రథంలా కదులుతోంది.

“రెండో గేరు వెయ్యి మస్తానూ,” అన్నాడు పూర్ణయ్య.

“రెండోది వేస్తే రాడ్డు వెనక్కి పడిద్ది సార్. నూగు అడ్డం తిరిగిద్ది. రేపు తనిఖీ.”

“మరి ఎట్టా పోదామనుకున్నావు?”

“ఇట్టాగే సార్. మొదటి గేర్లోనే మెల్లగా. ‘ఎ’ గ్రేడు మీద మచ్చ పడకుండా పోదాం.”

పూర్ణయ్య ఏదో అనబోయి కిటికీలోంచి చూశాడు. పక్కన వెంకాయమ్మ నడుస్తోంది. పరుగెత్తడం లేదు, ఊరికే నడుస్తోంది. బండితో సమంగా కాసేపు నడిచి, ఆయన ముఖంలోకి చూసింది.

“మీకేమన్నా ఒంట్లో బాగోలేదా అయ్యా?” అంది. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది.

ఆమె ఇంకాసేపు చూసి, తల తిప్పుకుని, అడుగు పెంచింది. సైరను మోగుతున్న ఫైరింజనును దాటుకుని యార్డు వైపు వెళ్లిపోయింది. వెనకనుంచి సైకిలు మీద ఒక ముసలాయన కూడా బెల్లు కొట్టి దాటిపోయాడు.

పూర్ణయ్యకు సిగ్గు ఎప్పుడూ చెవుల దగ్గర మొదలవుతుంది. అవి భగ్గున మండాయి. జేబులో ఫోను మోగింది. అది హైమావతి మేడమ్ నంబరు. ఆయన దాన్ని సీటు కింద పడేశాడు.

“బండి ఆపు మస్తానూ. పక్కకు జరుగు.”

“సార్, మీ చేతులకు చెమట ఉంది సార్!”

“జరగమన్నానా!”

మస్తాన్‌వలి జరిగాడు గానీ, ఆఖరి ప్రయత్నంగా తన రెండు చేతులూ స్వేడ్ మీద కప్పాడు, కోడి పిల్లల మీద రెక్కలు కప్పినట్టు. పూర్ణయ్య ఆ చేతుల్ని తోసేసి, తడి అరచెయ్యి స్వేడ్ మీద ఆనించి స్టీరింగు ముందుకు జరిగి, రాడ్డు పట్టుకుని, క్లచ్చు తొక్కి, రెండో గేరూ, మూడో గేరూ వేశాడు. అన్నేళ్ల తరవాత కూడా చెయ్యి మరవలేదు. బండి ఒళ్లు విరుచుకుని ముందుకు దూకింది. దారిలో వెంకాయమ్మను దాటారు. యార్డు గేటు దగ్గర సైకిలు ముసలాయన్ని దాటారు.

యార్డులో ఒక వైపు షెడ్డంతా అంటుకుని ఉంది. ఎర్రటి కాయ నల్లటి పొగై లేస్తోంది. ఫైర్‌మన్‌లు పైపులు విప్పారు. అవి పొడుగునా చిల్లులే. పూర్ణయ్య తన చొక్కా విప్పి ఒక చిల్లుకు చుట్టాడు. హమాలీలు తలగుడ్డలూ గోనెపట్టాలూ తెచ్చి మిగతావాటికి కట్టారు. దగ్గుతూ, ఏడుస్తూ, బూతులు తిట్టుకుంటూ నీళ్లు కొట్టారు. కాసేపటికి చూస్తే పైపు కొస పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డవాడు మస్తాన్‌వలి. తెల్లటి చేతితొడుగులు బురద రంగుకు తిరిగాయి. బ్యాడ్జీ ఎక్కడ ఊడిందో అతనికే తెలియదు.

పొద్దు వాలేసరికి మంట లొంగింది. అటువైపు షెడ్డు దక్కింది. ముందు అంటుకున్న ఇటువైపు షెడ్డు బూడిదైంది. వెంకాయమ్మ టిక్కీలు ఇటువైపువే. ఆమె తడిసిన బూడిదలో కాలితో కెలికి, మాడిన గోనె ముక్క ఒకటి తీసి చూసి, మళ్లీ అక్కడే వేసింది.

పూర్ణయ్య దగ్గరికి వెళ్లాడు. ఒంటి మీద చొక్కా లేదు. “అమ్మా...” అన్నాడు.

“ఆ బండి ముందే అట్టా వచ్చుంటే దక్కేదయ్యా నా కాయ,” అంది వెంకాయమ్మ. కోపం కూడా లేదు ఆ గొంతులో. అది ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు డైరెక్టరు గారి బృందం ఉత్తమ కేంద్రాన్ని చూడ్డానికని బయల్దేరి, విచారణ సంఘంగా మారి నందిరేవులో దిగింది. యార్డుకు ఎవరూ వెళ్లలేదు. నేరుగా షెడ్డుకు వచ్చి బండి చుట్టూ కుర్చీలు వేయించుకున్నారు. స్వేడ్ అట్టకట్టి ఉంది. దాని మీద పూర్ణయ్య అరచెయ్యి ఐదు వేళ్లతో సహా అచ్చుపడి ఉంది. సుధన్వ గారు ఆ గుర్తును చూసి కుర్చీలో వెనక్కి వాలారు.

“ఇది ఎవరి చెయ్యి?” అన్నారు.

“నాదే సార్,” అన్నాడు పూర్ణయ్య.

“అనుమతి లేకుండా, తేమతో, మృదుచర్మాన్ని స్పృశించినట్టు అంగీకరిస్తున్నారా?”

“అంగీకరిస్తన్నాను సార్. ఆ ముట్టుకునేదేదో ఆలస్యంగా ముట్టుకున్నానని కూడా రాసుకోండి. ఫోన్ల మీద కూచోకుండా ముందే గేరు మార్చి పోయుంటే కాలిన షెడ్డు కూడా దక్కేది. అది నా తప్పు. ఆ రైతులకు జవాబు చెప్పాల్సింది నేనే.”

రాసుకుంటున్న అధికారి కలం ఆపి హైమావతి మేడమ్ వైపు చూశాడు. ఆమె గొంతు సవరించుకున్నారు. “మొదటి వాక్యం రాసుకోండి. మిగతాది విచారణ పరిధిలోకి రాదు.”

“అదే సార్ అసలుది,” అన్నాడు పూర్ణయ్య. ఆయన గొంతు పైఅధికారుల ముందు అంత పైకి లేవడం అదే మొదలు. “తోలు మాసిపోతే ఇంకోటి తెచ్చి అంటించుకుంటారు. ఆమె ఏడాది పంట ఎక్కణ్ణించి తెస్తారు?”

సుధన్వ గారు ఆ మాట విననట్టే లేచి, క్యాబిన్‌లోకి వంగి, తన పథకం శవాన్ని ప్రేమగా, మెల్లగా, వేళ్లన్నీ ఆనించి నిమిరారు. ఆయన్ని చూసి హైమావతి మేడమ్ నిమిరారు. పెద్దలు నిమిరాక మిగతా సభ్యులు ఊరుకుంటే బాగుండదు గనక వరసగా అందరూ ఎక్కి నిమిరారు. తరవాత ఎవరి చోట వాళ్లు కూచుని, చెమట పట్టిన ముఖాలు చేతులతో తుడుచుకున్నారు.

స్వేడ్ దేన్నయినా బాగా పీల్చుకుంటుంది. నిన్నటి మిర్చి పొగనంతా అది పీల్చుకునే ఉంది.

ముందు డైరెక్టరు గారికి ఎడమ కన్ను మండింది. మండుతోందని నలిపారు. తరవాత రెండోదీ మండింది. హైమావతి మేడమ్ కళ్లజోడు తీసి ‘అమ్మో’ అన్నారు. చూస్తుండగానే సంఘం మొత్తం బొటబొటా కన్నీళ్లు కారుస్తూ, ముక్కులు చీదుతూ, నీళ్లు నీళ్లు అని కేకలు పెట్టింది. మస్తాన్‌వలి పరుగెత్తి హోసు పైపు లాక్కొచ్చాడు. దాని చిల్లులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. అగ్నిశాంతి శాఖ తన చరిత్రలో అంత వేగంగా ఎవరి మీదా నీళ్లు కొట్టి ఉండదు.

విచారణ నివేదికలో ఇవేవీ లేవు. ‘మృదుచర్మ దుస్థితిని ప్రత్యక్షంగా చూసి సభ్యులు కన్నీరు ఆపుకోలేకపోయారు’ అని ఒక్క వాక్యం ఉంది. అది చదివిన పైవాళ్లు చలించిపోయి, పథకం ఇంతటి కరుణను మేల్కొలిపినందుకు సుధన్వ గారికి ప్రమోషన్ ఇచ్చారు. మరకపడ్డ స్వేడ్ ఉన్నదున్నట్టు భద్రపరచాల్సిన వస్తువని తేల్చి, దాన్ని విప్పితే పాడవుతుందని ఫైరింజనుతో సహా హెడ్డాఫీసుకు తరలించారు. గేరు ముట్టుకోకూడదు గనక బండిని నడిపించలేదు. పెద్ద లారీ మీద ఎక్కించి తీసుకుపోయారు. పూర్ణయ్యను సస్పెండ్ చేశారు. మస్తాన్‌వలిని ఖాళీ షెడ్డుకు కాపలా పెట్టారు.

సస్పెన్షన్ కాగితాన్ని పూర్ణయ్య ఈసారి కళ్లకద్దుకోలేదు. మడిచి జేబులో పెట్టుకుని యార్డుకు నడిచాడు. అక్కడ రైతులు ఒక పాత ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు తగిలించి, పంపుసెట్టు బిగించే పనిలో ఉన్నారు. ఇక ఫైరింజను రాదని వాళ్లకు తెలిసిపోయింది. వెంకాయమ్మ పైపును వంచి పట్టుకుని నిలబడింది.

“దీన్ని నడిపేవాడు ఎవరమ్మా?” అన్నాడు పూర్ణయ్య.

“చూస్తన్నాం. నువ్వు నడుపుతావా ఏంది? నిన్ను ఉద్యోగంలోంచి ఆపారంట గదా.”

“ఫైరింజను ముట్టుకోవద్దన్నారు. ట్రాక్టరు ఊసెత్తలేదు.”

వెంకాయమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. క్షమించినట్టు లేదు ఆ చూపు. కాస్త పక్కకు జరిగి ట్రాక్టరు ఎక్కడానికి దారి ఇచ్చింది, అంతే.

ఆ వేసవిలోనే జిన్నింగు మిల్లు దగ్గర పత్తి బేళ్లు అంటుకున్నాయి. కబురు తెలియగానే పూర్ణయ్య ట్రాక్టరు ఎక్కాడు. గేరు రాడ్డుకు గుండు లేదు, తొడుగు లేదు, ఒట్టి ఇనుపకడ్డీ ఎండకు కాలి ఉంది. పట్టుకోగానే అరచెయ్యి చుర్రుమంది. చెయ్యి తియ్యలేదు. పళ్లు బిగించి గేరు వేశాడు. వెనకనుంచి వెంకాయమ్మ, “పోనియ్ అయ్యా, పోనియ్,” అని కేక వేసింది. ట్రాక్టరు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఎవరి అనుమతీ రాకముందే మంట ఆరిపోయింది.